పేదరికానికి రాజీనామా

మా నగరంలో నిరుపేదలకు కొరత ఏర్పడి మూడేళ్లు కావస్తున్నది. పేదరికం అంతరించిందని దీని అర్థం కాదు. అది ఎప్పటివలెనే తెల్లవారుతూనే లేచి పనులకు పోతూ, పొద్దుగుంకాక ఇల్లు చేరుతూ క్షేమంగానే ఉన్నది. కొరత వచ్చినది తీరికగా కూర్చుని సేవ చేయించుకోగల పేదలకు. సేవ చేయవలసినవారు మాత్రం శ్రావణమాసపు గోదావరిలా పొంగుతున్నారు. కళాశాలలో పట్టా పుచ్చుకోవాలంటే నూట ఇరవై గంటల సమాజసేవకు ఫోటోలతో సహా రుజువు చూపాలి. కంపెనీలో పై మెట్టు ఎక్కాలంటే కింద ఉన్నవారెవరికైనా ఏదో ఒకటి ఇస్తూ కనబడాలి. పుట్టినరోజు ఇంట్లో చేసుకోవడం అనాగరికమైపోయి, ముక్కూమొహం తెలియని వృద్ధుల మధ్య కేకు కోయడం మర్యాద అయింది. దానం చేసేవాడు తల వంచుకుని, ఇంతేనా ఇవ్వగలిగానని సిగ్గుపడుతూ ఇవ్వాలని మా గురువులు చెప్పేవారు. ఇప్పుడు తల వంచితే ఫోటోలో ముఖం పడదు కనుక ఆ నియమాన్ని విజ్ఞులు సడలించుకున్నారు.

ఒకనాడు స్నానఘట్టం మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయనకు రెండు సంస్థలవారు ఏకకాలంలో శాలువాలు కప్పబోయారు. కుడి భుజం ఒకరు లాగారు, ఎడమ భుజం ఒకరు లాగారు. ముసలాయన భుజం కీలు తప్పింది. ఎముకల ఉచిత శిబిరం వారు ఆయనను చూసి ఆనందించారు గానీ, ఇటువంటి అరాచకం నగరానికి తగదని పెద్దలందరూ తలచారు. ఆ తలపు నుంచి పుట్టినదే మహానగర సేవాసంస్థల సమన్వయ సమాఖ్య. డెబ్బై మూడు సంస్థలు అందులో సభ్యులు. పేదలను నమోదు చేసి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి, వారి దినాన్ని ముప్పావుగంట చొప్పున ఖండాలు చేసి, ఏ ఖండంలో ఎవరు ఏ సేవ చేయాలో కంప్యూటరు ద్వారా కేటాయించడం దాని విధి. ఆ ఖండాలనే అక్కడివారు స్లాట్లు అంటారు. నిరుపేదగా నమోదు కావడానికి పధ్నాలుగు పత్రాలు కావాలి. ఆ పధ్నాలుగూ సంపాదించగల స్తోమత ఉన్నవాడు ఎట్లాగూ నిరుపేద కాడు. అందువల్ల, నిబంధన బిగియకముందు చేరిన నలభై ఒక్కమందే మొత్తం నగరపు సేవాభారాన్ని మోస్తున్నారు.

నేను అక్కడ భాషా సలహాదారును. దాతల ప్రశంసాపత్రాలకు సమాసాలు కూర్చడం, నియమావళిని మంచి తెలుగులోకి తేవడం నా పని. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి ఒకరు పిలిచి తెలుగు వ్రాయమనడమే అరుదు. కాదనలేకపోయాను.

ఆ నలభై ఒక్కమందిలో పదిహేడో సంఖ్య నూకరత్నానిది. యాభై ఆరేళ్ల మనిషి. భార్యాభర్తలు ఇస్త్రీ బండి నడుపుకునేవారు. భర్త సూర్రావుకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే వైద్యానికి ముందు బండి పోయింది, తరువాత ఇస్త్రీ పెట్టె పోయింది, చివరికి సూర్రావు పోయాడు. పెద్దాసుపత్రి వెనుక ఉన్న ఆశ్రయగృహంలో ఆమె చేరిన వారానికి సమాఖ్యవారు నమోదు చేశారు. ఆ రోజుల్లో వేడి అన్నం పెట్టినవారికి ఆమె చేతులెత్తి మొక్కిన మాట నిజం. ఆ అన్నం ఆమెను బతికించిన మాటా నిజమే.

తరువాత సేవ పెరిగింది. ఉదయం ఆరింటికి నడక సంఘం వారి రాగిజావ. ఆరుముప్పావుకు దంతధావన చైతన్య బృందం. ఏడున్నరకు ఇడ్లీ. ఎనిమిదింపావుకు వ్యాపార నిర్వహణ చదివే విద్యార్థులచేత పాదప్రక్షాళన. ఆపైన గోళ్లు తీయడం, తల దువ్వడం, చీర పెట్టడం, కంబళి కప్పడం, వీణ వినిపించడం, కళ్లజోడు సరిచూడడం. ఇట్లా నడిచి నడిచి రాత్రి దోమతెర వితరణతో ముగిసేది. ఒకనాడు నేను లెక్కించగా సరిగ్గా పదహారు వచ్చాయి. షోడశోపచారాలు. కాకపోతే ఆలయంలో స్వామికి పవళింపు సేవ అయ్యాక తలుపులు మూసి ఏకాంతం కల్పిస్తారు; ఆశ్రయగృహానికి తలుపులు లేవు. వారానికి పదకొండు పుట్టినరోజుల కేకు తినగా ఆమెకు చక్కెరజబ్బు వచ్చింది. అప్పటిదాకా లబ్ధిదారు దొరకక కుమిలిపోతున్న మధుమేహ అవగాహన సంస్థవారికి దానితో గొప్ప ఊరట కలిగింది.

జనవరి ఇరవయ్యో తారీకున నేను కార్యాలయంలో ఒక ప్రశంసాపత్రం సవరిస్తుండగా నూకరత్నం లోపలికి వచ్చింది. కార్యదర్శిని హైమావతిగారు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ సాధుస్వభావురాలు. కంప్యూటరు చెప్పనిది ఏదీ నమ్మరు.

"రండి నూకరత్నంగారూ" అన్నారు హైమావతిగారు. లబ్ధిదారులను బహువచనంతోనే సంబోధించాలని నియమం. "ఇప్పుడు మీరు గోళ్లు తీయించుకునే స్లాటులో ఉండాలి కదా?"

"ఆ పిల్లలు రాలేదండి. పరీక్షలంట. సందు చూసుకుని పరిగెత్తుకొచ్చాను అమ్మగారూ. నన్ను ఆ లిస్టులోంచి తీసేయండి."

"సేవల్లో ఏమైనా లోపం జరిగిందా? ఫిర్యాదుకు పసుపు రంగు ఫారం ఉంది."

"లోపమేం లేదండి. నాకు పని దొరికింది. రైలుగేటు అవతల నలభై వాటాల అపార్టుమెంటు లేదండీ, అక్కడ మెట్ల కింద ఇస్త్రీ బల్ల పెట్టుకోమన్నారు. మా ఆడబిడ్డ మొగుడు అక్కడ వాచ్‌మెన్ అండి. బొగ్గుల పెట్టి కూడా ఆళ్లదే పాతదొకటుంది, ఇత్తారంట. ఒకటో తారీకు పొద్దున్నే నేను బల్ల దగ్గరుండాలి. లేకపోతే తునినుంచి ఎవరో వత్తున్నాడంట, ఆడికిచ్చేత్తారు."

"చాలా సంతోషం. తప్పకుండా వెళ్లండి, ఏప్రిల్ ఒకటిన."

"ఏప్రిలేంటండీ. వచ్చే నెల ఒకటి."

హైమావతిగారు తెర వైపు చూశారు. "వీలుకాదండీ. మార్చి ముప్పై ఒకటి దాకా మీరు నిండిపోయారు. రేపటి నుంచి చూసుకున్నా వెయ్యి నూట ఇరవై స్లాట్లు."

"నేనేం బుక్ చేసుకోలేదు కదండి."

"మీరు చేసుకోలేదు. మిమ్మల్ని చేసుకున్నారు."

నూకరత్నం నా వైపు తిరిగింది. "పంతులుగారూ, మీరైనా చెప్పండి. చెప్పకుండా పోదామనే అనుకున్నాను. ఆ అపార్టుమెంటు సంఘం కూడా మీ సమాఖ్యలోదేనంట. ఇక్కడి విడుదల కాగితం లేందే బల్ల దగ్గరికి రానివ్వమన్నారు."

అది నేను తెలుగులోకి తెచ్చిన నియమమే. నమోదైన లబ్ధిదారుకు పని కల్పించిన సభ్యసంస్థ, తోటి సంస్థల సేవావకాశాన్ని అపహరించినట్లు పరిగణింపబడును. అప్పుడు ఆ వాక్యం నడక బాగున్నదని నాకే ముచ్చట వేసింది.

ఇరవై నాలుగో తారీకున కార్యవర్గం సమావేశమైంది. అధ్యక్షులు కొచ్చెర్ల భుజంగరావుగారు. సేవాధురీణ ఆయన బిరుదు. ఆయన అధ్యక్షులుగా ఉన్న సంస్థే దానిని ఆయనకు ప్రదానం చేసింది. నూకరత్నం అర్జీ చదివి వినిపించగానే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సేవ అనునది ఒక మహాయజ్ఞం" అన్నారు. "యజ్ఞానికి సమిధ కావాలి. ఆ సమిధ లేచి, అయ్యా నాకు వేరే పనున్నది, వెళ్లివస్తానంటే ఋత్విక్కుల గతి ఏమిటి? ఈమెను నమ్ముకుని మూడు కళాశాలల విద్యార్థులు పట్టాలకు సిద్ధమవుతున్నారు. వారి భవిష్యత్తుకు ఎవరు బాధ్యులు?"

"పేదరికం నుంచి బయటపడవద్దని మనం అనడం లేదు" అన్నారు కోశాధికారి. "పద్ధతి ప్రకారం బయటపడమంటున్నాం."

నడక సంఘం ప్రతినిధి ఒక మధ్యేమార్గం చెప్పారు. ఆమె బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఇస్త్రీ మాత్రం స్వచ్ఛంద సేవకులు చేస్తారు. ఆమె చూస్తూ ఉంటుంది. దానివలన వృత్తి నిలుస్తుంది, లబ్ధిదారూ నిలుస్తుంది. సూచన అందరికీ నచ్చింది గానీ, సేవకులకు ఇస్త్రీ నేర్పే సంస్థ ఏదీ సమాఖ్యలో లేకపోవడంతో అది వాయిదా పడింది. చివరకు, ఆమె పేదరికం నిజంగా తొలగిందో లేదో పరిశీలించడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేశారు.

ఆ సంఘం రెండు కార్లలో ఆశ్రయగృహానికి వెళ్లింది. రెండో రోజుకు నివేదిక ఇచ్చింది. లబ్ధిదారు వద్ద ఇరవై మూడు కంబళ్లు కనబడినవి. ఇన్ని కంబళ్లు అవసరమైనవారు తీవ్రమైన లేమిలో ఉన్నట్లే. లబ్ధిదారు ప్రశ్నలకు సూటిగా సమాధానం చెప్పినది. ఇది ఆకలి వలన కలిగే అసహనపు లక్షణం. లబ్ధిదారు పని కావాలని పదేపదే కోరినది. సంపన్నులెవరూ ఇట్లా కోరినట్లు సంఘం ఎరుగదు. కావున పేదరికం చెక్కుచెదరలేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

నివేదిక ప్రతిని నేనే ఆమెకు చదివి వినిపించాను. 

"ఇంక ఐదు రోజులుందండి" అన్నది. "ఆ తుని ఆయన సామాను సర్దేసుకున్నాడంట. మరి ఈ లిస్టులోంచి మనిషి బయటికి రావడానికి దారే లేదా పంతులుగారూ?"

మూడు దారులున్నాయి. మొదటిది మరణం. దానికీ అంతిమయాత్రా సంస్థవారు ఆమె పేరున స్లాటు తీసుకుని ఉన్నారు, తేదీ ఒక్కటే ఖాళీ. రెండవది నగరపు ఎల్లలు దాటి పోవడం. మూడవది లబ్ధిదారు తానే దాతగా మారడం. నిజానికి ఇంగ్లీషు ప్రతిలో మొదటి రెండే ఉన్నాయి. రెండుంటే అధికరణం కుంటుతున్నదని, మూడుంటే నిండుగా ఉంటుందని అధ్యక్షులవారు అభిప్రాయపడి, మూడవది అప్పటికప్పుడు చెప్పి నాచేత వ్రాయించారు. ఎవరూ వాడుకోరన్న ధీమాతో ఉదారంగా చెప్పారు.

"దాతనా?" అన్నది నూకరత్నం. "నా దగ్గరేముందని ఇత్తానండి? ఆ కంబళ్లా? అవి ఆళ్లవే."

"తనది తన చేతితో ఇచ్చినవాడు దాత అని వ్రాశామమ్మా. వస్తువే ఇవ్వాలని లేదు. నీ చేతిలో పని ఉన్నది కదా."

ఆమె తన చేతులు చూసుకున్నది. "ఒక చొక్కా ఊరికే ఇస్త్రీ చేసిత్తే సరిపోద్దా?"

"సరిపోతుంది. పుచ్చుకున్నవారు సంతకం చేయాలి, ఫోటో ఉండాలి."

"ఓసి దీని తస్సదియ్య. ఇన్నాళ్లూ అదేదో పెద్ద విద్యనుకున్నాను."

హైమావతిగారు దరఖాస్తును కంప్యూటరుకు సమర్పించారు. అది అభ్యంతరం చెప్పలేదు కనుక ఆవిడా చెప్పలేదు. సంగతి అధ్యక్షులవారికి తెలిసింది. ఆయన అడ్డుపడతారని నేను భయపడ్డాను. కాని జనవరి ముప్పై ఒకటిన సమాఖ్య వార్షికోత్సవం. వేదిక మీద చూపదగిన ఉద్ధరణ గాథ ఆ ఏడు ఒక్కటీ దొరకలేదు. ఆయన ముఖం వికసించింది.

"నిన్నటి దీనురాలు నేటి దాత్రి" అన్నారు గాలిలో వేలితో వ్రాస్తూ. "పండితులవారూ, దీనికి తగిన నాలుగు వాక్యాలు కూర్చండి. ఆమె నాకు కృతజ్ఞత చెప్పేటట్లుగా."

ఉత్సవం నాడు సభాభవనం నిండిపోయింది. పన్నెండు వందలమంది సేవకులు, పదిమంది ముఖ్య అతిథులు, ముందు వరుసలో అప్పటికప్పుడు మోసుకొచ్చిన కుర్చీలు. మిగిలిన నలభైమంది లబ్ధిదారులు ఒక్కరూ రాలేదు. ఆ సమయానికి వారందరూ తమ తమ స్లాట్లలో సేవలు పొందుతున్నారు. వేదిక మధ్య బల్ల వేసి దుప్పటి పరిచారు. నూకరత్నం అపార్టుమెంటు నుంచి బొగ్గుల పెట్టె ఎరువు తెచ్చుకున్నది. తడివేలు తగిలించి చుయ్యిమనిపించి వేడి చూసుకున్నది. ఈ రెండేళ్లలో ఆమె తన ఇష్టంతో ఒక పని చేయగా చూడడం నాకు అదే మొదలు.

"దాత సిద్ధం" అన్నారు హైమావతిగారు మైకులో. "లబ్ధిదారు?"

లబ్ధిదారు లేరు. ఉన్నవారెవరికీ మార్చి ఆఖరు దాకా ఖాళీ లేదు. పత్రికలవారు గడియారాలు చూసుకోసాగారు. బొగ్గుల మీద బూడిద పడుతున్నది. అధ్యక్షులవారి జుబ్బా పదకొండు పూలదండల కింద నలిగి ఉన్న సంగతి అప్పుడు ఆమె గమనించింది.

"అయ్యగారి చొక్కా నలిగిపోయిందండి" అన్నది. "అది విప్పితే రెండు నిమిషాల్లో చేసేత్తాను."

సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు విన్నాక భుజంగరావుగారు ఏదీ కాదనరు. "సేవ కొరకు నేను చేయని త్యాగం లేదు" అని ప్రకటించి జుబ్బా విప్పి, బనీనుతో కుర్చీలో కూర్చున్నారు.

ఫోటో తీసే అబ్బాయి సమాఖ్యకు పాత మనిషి, పని తెలిసినవాడు. "సార్, ఆ నవ్వొద్దు" అన్నాడు. "ముందు కొంచెం దిగులుగా ఉండాలి. చేతులు రెండూ ముందుకి. వస్తువు అందాక నవ్వాలి. ఇంకొంచెం ఒంగండి. మెడ కనపడుతోంది."

ఆయన ఒంగారు. నూకరత్నం కాలరు మొదలుపెట్టి, భుజాలు, చేతులు, వీపు, ముందు భాగం వరసగా చేసుకుని, మడతపెట్టి ఆయన చేతుల్లో పెట్టింది. కెమెరా దీపం సరిగా వెలగలేదని అబ్బాయి ఆమె చేత మళ్లీ ఇప్పించాడు. ఆయన మళ్లీ ఒంగి పుచ్చుకున్నారు. హైమావతిగారు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టారు. పెట్టమన్నచోట చదవకుండా పెట్టడం ఆయనకు అలవాటు. దానికింద మరొక కాగితం, నమోదుకు కావలసిన పధ్నాలుగు పత్రాల నుంచి మినహాయింపు ఇచ్చేది. ఆ అధికారం అధ్యక్షులకే ఉన్నది. దాని మీదా పెట్టారు.

నూకరత్నానికి విడుదల పత్రం అక్కడికక్కడే ఇచ్చారు. నేను వ్రాసిన కృతజ్ఞతా వాక్యాలు చదవమంటే, "కళ్లజోడు తేలేదండి" అని చెప్పి పెట్టె పట్టుకుని దిగిపోయింది. ఉచితంగా వచ్చిన కళ్లజోళ్లు ఆమెకు నాలుగున్నాయి.

ఫిబ్రవరి ఒకటో తారీకు ఉదయం ఆరింటికి నడక సంఘంవారు ఇరవై ఇద్దరు తెల్లబూట్లతో, జావ గిన్నెతో భుజంగరావుగారి గేటు ముందు నిలబడ్డారు. నాకు ఈ వృత్తాంతం వారి సతీమణిగారి ద్వారా తెలిసింది.

"ఏవండీ, లేవండి. మీకు జావ పట్టడానికి వచ్చారట" అన్నారావిడ.

"నాకు జావ ఏమిటి?"

"పదిహేడో నెంబరు మీరేనట. ఫోను తెరిచి చూపించారు. మీ ఫోటో కూడా ఉంది, బనీనుతో."

ఆయన కసిరి పంపేశారు. వారు పోలేదు. జావ తాగినట్టు ఫోటో లేకపోతే ఇరవై ఇద్దరి సేవాగంటలు రద్దవుతాయి. చివరికి ఆవిడే, "రెండు గుక్కలు తాగితే ఏం పోయింది, పాపం వాళ్లూ పొద్దున్నే లేచి వచ్చారు" అన్నారు. తాగారు. ఆరుముప్పావుకు దంతధావన బృందం వచ్చింది. ఎనిమిదింపావుకు విద్యార్థులు పళ్లెంలో ఆయన పాదాలుంచి కడుగుతుండగా పాలవాడు చూశాడు.

పదకొండింటికి ఆయన కార్యాలయానికి వచ్చారు. పాదాలు ఎంతో శుభ్రంగా ఉన్నాయి.

"ఏమిటమ్మా ఈ అపచారం? నా పేరు తక్షణం తొలగించు."

"లబ్ధిదారుగా ఒకరు చేరాలంటే ఒక సంఖ్య కావాలి కదండీ భుజంగరావుగారూ. పదిహేడు ఒక్కటే ఖాళీ అయింది. దానితోపాటు బుకింగులన్నీ వచ్చాయి" అన్నారు హైమావతిగారు శాంతంగా. "ఈ రోజుతో కలిపి తొమ్మిది వందల నలభై నాలుగు. బయటికి రావడానికి మూడు దారులున్నాయి. మొదటి రెండూ మీకు చెప్పడం బాగుండదు."

"మూడవది చాలును. నేను దాతను. ఈ నగరంలో నాకు మించిన దాత ఎవరు?"

ఆవిడ మీటలు నొక్కి చూశారు. చాలాసేపు చూశారు. "రెండు వందల పన్నెండు సభలకు అధ్యక్షత ఉంది. నూట నలభై ప్రారంభోత్సవాలున్నాయి. వితరణలు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి కానీ, అన్నిటికీ మీ చేతుల మీదుగా అని ఉంది. వస్తువులు వేరేవాళ్లవి. తనది తన చేతితో ఇచ్చినట్టు ఒక్క నమోదూ లేదండీ."

ఆయన నా వైపు చూశారు. ఆ నిర్వచనం ఆయన చెప్పగా నేను వ్రాసినదే. ఒక్క అక్షరం నేను చేర్చలేదు.

"అయితే ఇప్పుడే ఇస్తాను. ఒకరిని చూపించు."

"ఏప్రిల్ రెండున మధ్యాహ్నం ఒకరు దొరుకుతారు. రాసుకోమంటారా?"

వారం గడిచాక నేను నా పంచెలు రెండు పట్టుకుని రైలుగేటు దాటి ఆ అపార్టుమెంటుకు వెళ్లాను. మెట్ల కింద బల్ల, బల్ల పక్కన వాటాల నెంబర్లు కట్టిన మూటలు, మధ్య నూకరత్నం. చెమట పట్టి ఉన్నది. మనిషి కొంచెం చిక్కింది, కేకులు లేవు. నేను పంచెలు ఇస్తుండగా భుజంగరావుగారి కారు వచ్చి ఆగింది. ఆయన ఒక కొత్త కంబళి చేతపట్టుకుని దిగారు. కొన్న దుకాణం చీటీ దానికి ఇంకా వేలాడుతున్నది. తన డబ్బుతో కొన్నట్లు అదే రుజువు.

"అమ్మా నూకరత్నంగారూ" అన్నారు. "ఇది పుచ్చుకోవాలి. నిన్ను మళ్లీ నమోదు చేసే పద్ధతి ఏదో నేను చూసుకుంటాను. ఒక్క గంట చాలు. ఒక సంతకం, ఒక ఫోటో."

"నాకెందుకండీ కంబళి? ఈ బొగ్గుల దగ్గర ఉడికిపోతున్నాను."

"కంబళి కాకపోతే ఇంకేదైనా. నీకేం కావాలో చెప్పు. ఏదైనా సరే ఇస్తాను. నా చేతిలోంచి తీసుకో, అంతే."

ఆయన చేతులు రెండూ ముందుకి చాచి ఉన్నాయి. మెడ ఒంగి ఉన్నది. ఈసారి ఎవరూ చెప్పకుండానే ముఖంలో దిగులు సరిగ్గా కుదిరింది. మూడో అంతస్తు నుంచి ఒకావిడ పట్టుచీరలు తెచ్చి బల్ల మీద పెట్టి, జాగ్రత్త సుమా అని చెప్పి వెళ్లింది. నూకరత్నం ఆ చీరలు పక్కన పెట్టి, పెట్టె మూత తీసి బొగ్గులు ఊదుకుని, తరువాత ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పనిలో ఉన్నవాళ్లు దారికి అడ్డంగా నిలబడ్డవారిని చూసే చూపు.

"నాకేం వద్దండి బాబూ" అన్నది. "ఇస్త్రీ బట్టలేమైనా ఉంటే ఆ మూట మీద పెట్టి పేరు చెప్పి వెళ్లండి. మీకన్నా ముందు పదకొండిళ్లవాళ్లున్నారు."